పించను ఒక్కటే చాలదు - తల్లి కూలి లెక్క ఎవరు కడతారు?

వికలాంగ బిడ్డ ఉన్న ఇంట్ల ఒక మనిషి కూలి పోతుంది. తల్లి నాట్లకు పోతే బిడ్డను చూసేదెవరు? ఇంటికాడ ఉంటే పొయ్యి వెలిగేదెట్ల? సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వాడలలో ఇదే గోస.

కొట్లాడకుండా మనకేదీ రాలేదు. 2004లో గుండె జబ్బు పిల్లల కోసం ఎమ్మార్పీఎస్ కదిలింది. సర్కారు ఆపరేషన్లు చేయించింది, 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. వికలాంగుల హక్కుల పోరాట సమితి పుట్టిందీ ఆ యేడే. తెలంగాణలో 2014లో 1,500 రూపాయలున్న వికలాంగుల పించను 2023 నాటికి 4,016 అయింది. కోదాడ దాటి జగ్గయ్యపేటకు పోతే 2024 నుంచి 6,000. ఇక్కడా 2023 ఎన్నికల్లో ఆ మాటే ఇచ్చిండ్రు. నిలబెట్టుకొమ్మని సమితి 2025లో సభలు పెట్టింది.

అయితే పించనుతోనే ఆగితే పిల్లలకు అన్యాయం జరుగుతుంది. 2016 చట్టం 40 శాతం, ఆపైన వైకల్యమున్న పిల్లలకు 6 నుంచి 18 ఏండ్ల దాకా ఉచిత చదువు హక్కన్నది. ఎక్కువ ఆసరా కావలసినవారికి సంరక్షకుల భత్యం గురించీ రాసింది. కానీ 'ఆర్థిక శక్తి మేరకు' అనే మెలిక పెట్టింది. ఆ మెలికను విప్పేది పోరాటమే.

అందుకే కార్యకర్తలారా, వాడవాడకూ తిరగండి. బిడ్డ వయసు, సర్టిఫికెట్, బడి, కూలి మానుకున్నదెవరు - అన్నీ రాయండి. సోమవారం ప్రజావాణిలో సూర్యాపేట, నల్లగొండ కలెక్టర్ల ముందు పెట్టండి. తల్లులను సభలు నింపడానికే పిలవొద్దు, డిమాండ్లు రాసేకాడ కూర్చోబెట్టండి.

మేము దయ అడుగుతలేము. పోయిన కూలికి లెక్క అడుగుతున్నం.