డిక్కీ మీద అంకె వేరు, లోపలి ఇంజను వేరు



మా ఏడో తరగతి పిల్లలు మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఒక ఆట ఆడుతున్నారు. ఒకడు ఖరీదైన కారు పేరు చెబుతాడు. రెండోవాడు అంతకంటే పెద్ద అంకె ఉన్న కారు చెప్పాలి. "సీ 200" అంటే "ఈ 220", దాని మీద "320 డీ", దాని మీద "ఎస్ 450". చివరికి ఎవరి అంకె పెద్దదైతే వాడు గెలిచినట్టు. మధిర వీధుల్లో ఈ కార్లు అరుదు. పెళ్లిళ్లకో, ఎన్నికలకో హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో వస్తే చూడాలి. పిల్లలకు మాత్రం ఫోను పుణ్యమా అని అన్నీ తెలుసు.

లెక్కలు చెప్పేవాణ్ణి కదా, ఊరుకోలేక అడిగాను. "ఆ 200 ఏమిటిరా? లీటర్లా, కిలోలా, కిలోమీటర్లా?" అందరూ మొహాలు చూసుకున్నారు. ఒకడు మాత్రం ధైర్యంగా అన్నాడు: "ఏమో సార్, పెద్దదైతే మంచిదే కదా!"

వాడి తప్పు లేదు. ఆ మాట వాడు మన దగ్గరే నేర్చుకున్నాడని నాకనిపించింది. అందుకే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మనకు చదవడం వచ్చిన అంకెలు

నిజానికి మన ప్రాంతం వాళ్లకు ఇలాంటి పేర్లు చదవడం కొత్త కాదు. మన మధిర వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన పెసర రకం పేరు ఎంజీజీ 295. ఇంగ్లీషులో 'మధిర గ్రీన్ గ్రామ్'కు పొడి అక్షరాలు అవి. ఎల్‌జీజీ 460 అంటే గుంటూరు దగ్గర లాం ఫారం పెసర. బీపీటీ 5204 అంటే బాపట్ల వరి, మనం సాంబ మసూరి అని వండుకునేది. ఎంజీజీ 347 అనే రకం కూడా ఉంది. అయినా 347 కాబట్టి 295 కంటే ఎకరాకు ఎక్కువ పండుతుందని ఏ రైతూ అనుకోడు. ఆ అంకె గుర్తు కోసం పెట్టిందని అతనికి తెలుసు. దిగుబడి ఎంత, ఎన్ని రోజుల పంట, తెగులును ఎంత తట్టుకుంటుంది అనేవి వేరే అడుగుతాడు.

మన స్టేషను మీదుగా పోయే రైలింజన్ల మీద కూడా ఇలాంటి రాతే ఉంటుంది. డబ్ల్యూఏపీ-7లో డబ్ల్యూ బ్రాడ్ గేజికి, ఏ ఏసీ కరెంటుకు, పీ ప్యాసింజరు బండ్లకు గుర్తు. డబ్ల్యూఏజీ-9లో జీ గూడ్సుకు గుర్తు. చివరి అంకె మోడలుది. 9 కదా అని గూడ్సు ఇంజను 7 కంటే వేగంగా పోదు.

పిల్లలకు నేను చెప్పేది ఇదే. అంకెలు మూడు పనులు చేస్తాయి. కొన్ని కొలుస్తాయి: రెండు లీటర్ల నూనె. కొన్ని వరుస చెబుతాయి: మూడో ర్యాంకు. కొన్ని పేరుగా మాత్రమే ఉంటాయి: బస్సు నంబరు. కూడికలు, తీసివేతలు కొలిచే అంకెలతోనే చేయాలి. మిగతా రెండిటితో చేస్తే జవాబు వస్తుంది గానీ దానికి అర్థం ఉండదు.

కార్ల పేర్లలో ఏముంది?

కార్ల దగ్గర చిక్కు ఏమిటంటే, ఈ మూడు పనులూ ఒకే పేరులో కలిసిపోతాయి. బీఎండబ్ల్యూ 320 డీ చూడండి. మొదటి 3 కారు తరగతి. 5 దానికంటే పెద్ద కారు, 7 ఇంకా పెద్దది. అది వరుస. వెనకటి రోజుల్లో తర్వాతి రెండంకెలు ఇంజను పరిమాణం చెప్పేవి. 20 అంటే రెండు లీటర్లు. 320 డీలో ఇప్పటికీ ఉన్నది రెండు లీటర్ల డీజిల్ ఇంజనే. కానీ ఇప్పటి పెట్రోలు 330లోనూ రెండు లీటర్ల ఇంజనే ఉంది. 30 అన్నది శక్తి కాస్త ఎక్కువ అని చెబుతుంది, అంతే. మెర్సిడెస్ సీ 200 పేరు చూస్తే రెండు లీటర్లు అనిపిస్తుంది. లోపల ఉన్నది లీటరున్నర ఇంజను.

అన్నిటికంటే నాకు నచ్చిన ఉదాహరణ మెర్సిడెస్ వాళ్లదే, ఏఎంజీ సీ 63. 2007లో తొలిసారి వచ్చినప్పుడు అందులో 6.2 లీటర్ల ఇంజను. 2014లో ప్రకటించిన తర్వాతి కారులో అది 4 లీటర్లయింది. 2022లో 2 లీటర్లకు దిగి, తోడుగా ఎలక్ట్రిక్ మోటారు చేరింది. బండి శక్తి మాత్రం ఆ తగ్గింపుతో తగ్గలేదు, బాగా పెరిగింది. ఇన్ని మారినా డిక్కీ మీద 63 కదల్లేదు.

అక్షరాలూ అంతే. మెర్సిడెస్‌లో 'ఈ' అనేది ఒకప్పుడు అంకె వెనక ఉండి, ఇంజనులోకి పెట్రోలు ఇంజెక్షన్ పద్ధతిలో వెళుతుందని చెప్పేది. 1993లో అది ముందుకొచ్చి ఈ-క్లాస్ అయింది. ఇప్పుడు పేరు చివర చిన్న 'ఈ' కనిపిస్తే ఛార్జింగ్ పెట్టుకునే హైబ్రిడ్ అని అర్థం. బీఎండబ్ల్యూ పెట్రోలు కార్ల చివర ఉండే 'ఐ' కూడా ఇంజెక్షన్ గుర్తే. 2024 నుంచి కొత్త పెట్రోలు మోడళ్లకు దాన్ని తీసేస్తూ, ఎలక్ట్రిక్ కార్లకే ఉంచుతున్నారు.

ఆడీ వాళ్లు 2017లో కొత్త పద్ధతి తెచ్చారు. 45 అని ఉంటే ఆ బండి శక్తి 169 నుంచి 185 కిలోవాట్ల మధ్య ఎక్కడో ఉందని అప్పట్లో అర్థం. తర్వాత సరి అంకెలు ఎలక్ట్రిక్ కార్లకు, బేసి అంకెలు ఇంజను కార్లకు అన్నారు. అందుకే 2024లో ఏ4 స్థానంలో వచ్చిన కారు పేరు ఏ5 అయింది. 2025లో ఆ సరి-బేసి నియమాన్నే వదిలేశారు.

ఇక పూర్తిగా పేరుగా మిగిలిన అంకెలున్నాయి. పోర్షే 911ను 1963లో మొదట 901గా చూపించారు. మధ్యలో సున్నా ఉన్న మూడంకెల పేర్లు తమవని ప్యూజో కంపెనీ అభ్యంతరం చెబితే 911 చేశారు. మన దేశంలోనే 2024 డిసెంబరులో మహీంద్రా తన బీఈ 6ఈ కారు పేరును బీఈ 6గా మార్చింది. 6ఈ తమ గుర్తు అని ఇండిగో విమాన సంస్థ కోర్టుకెళ్లింది. ఆ అంకె దేన్నీ కొలవదు. అయినా దాని కోసం రెండు పెద్ద సంస్థలు తగువు పడ్డాయి.

ఇందులో ఎవరూ అబద్ధం ఆడటం లేదు. అసలు వివరాలు కంపెనీ పుస్తకంలో ఉంటాయి. మన చేతిలో ఉండే ఆర్సీ మీద కూడా ఇంజను ఎన్ని సీసీలో రాసే ఉంటుంది. డిక్కీ మీద అంకె చూసి ఆగిపోవడం చూసేవాళ్ల అలవాటు. ఆ అలవాటు ఉండబట్టే కారు అలంకరణ దుకాణాల్లో ఉత్త అక్షరాలు కూడా అమ్ముడుపోతున్నాయి.

పిల్లల మీద అంటించే అంకెలు

ఇప్పుడు మన సంగతికి వస్తాను. మన బళ్లలో సెక్షన్లకు, బ్యాచులకు పేర్లుంటాయి. జూన్‌లో ఒక పరీక్ష పెట్టి పిల్లల్ని సర్దుతాం. ఏ పిల్లవాడికి ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో టీచరుకు తెలియడానికి అది పనికొస్తుంది. దాన్ని తీసేయమని నేను అనను. ఆ గుర్తు ఒక రోజు, ఒక పరీక్షలో పుట్టిందన్న సంగతి సంక్రాంతి నాటికే అందరం మరిచిపోతాం. నా బాధ అదే.

నా తరగతిలో ఒక ఎనిమిదో తరగతి అమ్మాయి ఉండేది. జూన్‌లో రెండో బ్యాచులో పడింది. జనవరికల్లా జామెట్రీ లెక్కలు మొదటి బ్యాచు పిల్లలకే నేర్పేంత ఎదిగింది. క్విజ్ పోటీకి పేరివ్వమంటే మాత్రం, "నాది రెండో బ్యాచ్ కదా సార్" అంది. అడ్డు చెప్పింది నేను కాదు, వాళ్ల అమ్మానాన్నలూ కాదు. ఆ చిన్న గుర్తే చెప్పింది. అదే ఏడాది మొదటి బ్యాచులో ఉన్న ఒకబ్బాయికి భిన్నాలే సరిగ్గా రావని వార్షిక పరీక్షల ముందుగానీ తేలలేదు. మొదటి బ్యాచు కదా అని ఇంట్లో ఎవరూ నోటుబుక్ తెరవలేదు. నిజం చెప్పాలంటే నేనూ ఆలస్యంగానే తెరిచాను.

ఇద్దరి డిక్కీ మీదా అంకె మారలేదు. లోపలి ఇంజన్లు మారిపోయాయి.

పదో తరగతి గ్రేడ్లలోనూ ఇదే చూశాం. చాలా సబ్జెక్టుల్లో ఏ1 అంటే 91 నుంచి 100 వరకు. ఆడీ 45 లాగే, ఒక గుర్తు కింద చాలా అంకెలు. 91 వచ్చినవాడూ 100 వచ్చినవాడూ ఒకటే, 90 వచ్చినవాడు మాత్రం వేరే. మన రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో గ్రేడ్ల బదులు మళ్లీ మార్కులు ఇవ్వాలని నిర్ణయించింది. మార్కులు వచ్చినంత మాత్రాన పని అయిపోలేదు. 82 వచ్చిందంటే పోయిన 18 ఎక్కడ పోయాయో మెమో చెప్పదు, జవాబు పత్రం చెబుతుంది. ర్యాంకు అయితే పక్కవాళ్లు ఎలా రాశారన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. మీ అమ్మాయి నిరుటి కంటే బాగా చదివి కూడా ర్యాంకులో వెనకబడవచ్చు.

రెండు విన్నపాలు

బడికి నా విన్నపం: బ్యాచు పేరు పక్కన ఆ పరీక్ష తేదీ కూడా రాద్దాం. టర్ముకొకసారి మళ్లీ చూసి, ఎదిగిన పిల్లల్ని ఏడాది మధ్యలోనైనా మారుద్దాం. వెనకబడిన పిల్లలకు ఉన్నచోటే సాయం చేద్దాం. టైమ్‌టేబుల్ సర్దడం కష్టమని నాకూ తెలుసు. అయినా చేయదగ్గ కష్టమే.

మీకు నా విన్నపం: వచ్చే పేరెంట్స్ మీటింగులో ర్యాంకు అడిగాక మూడు ప్రశ్నలు అడగండి. ఈ అంకె దేన్ని కొలిచింది? ఎప్పుడు కొలిచింది? దీనిలోకి రానిది ఏముంది? జవాబు పత్రాలు తీయించి చూడండి. చదువు రాని తల్లిదండ్రులు కూడా మొహమాటపడనక్కరలేదు. విత్తనాల దుకాణంలో మీరు అడిగే ప్రశ్నలే ఇవి.

ఇంట్లో పిల్లలతో ఒక ఆట కూడా ఆడండి. విత్తనాల సంచి, రైలింజను, బండి నంబరు ప్లేటు, కారు పేరు, ఏది కనబడినా ఆ అంకె కొలతా, వరుసా, ఉత్త పేరా అని అడగండి. మా ఏడో తరగతిలో ఇప్పుడు ఈ ఆటే నడుస్తోంది. "పెద్దదైతే మంచిదే కదా" అన్న పిల్లవాడు మొన్న నా దగ్గరికొచ్చి, "సార్, మా సెక్షన్ పేరు ఈ మూడింట్లో ఏది?" అని అడిగాడు. మంచి ప్రశ్న అన్నాను. జవాబు వాడికి మనందరం కలిసి చెప్పాలి.