రివర్స్‌లో గరగరమంటే గేర్ బాక్స్ దింపేయడమేనా?

పోస్టు పొడుగైంది, ఓపిగ్గా చదవండి. ట్రాక్టరు ఉన్నవాళ్ళు, ముఖ్యంగా ఫోర్‌వీల్ డ్రైవ్ బండి కొన్నవాళ్ళూ కొనబోయేవాళ్ళూ చివరిదాకా చదవాలి.

మన గోదావరి డెల్టాలో ఇప్పుడు దమ్ముకి ఫోర్‌వీల్ బండి లేకపోతే పని నడవదన్నట్టు అయింది. మంచిదే. దిగబడే చేలో దాని పట్టు దానిదే. కానీ ఆ బండి రివర్స్‌లో గరగరమందనుకోండి, షెడ్డుకి తీసుకెళ్తే ఏం జరుగుతుందో మీకు తెలుసు. చాలాచోట్ల మెకానిక్ సీటు కూడా ఎక్కడు. "రివర్స్ గేరు పోయింది, గేర్ బాక్స్ దింపాలి" అంటాడు. సాయంత్రానికి మన బండి నడుం దగ్గర రెండు ముక్కలై దుంగల మీద ఉంటుంది.

నేను చెప్పేది ఒక్కటే. శబ్దం ఎక్కడిదో తేల్చకుండా గేర్ బాక్స్ మీద పానా పెట్టనివ్వకండి. "విప్పితే గానీ తెలీదు" అంటారు. పొట్ట కోస్తే గానీ కడుపునొప్పి ఎందుకో తెలీదనే డాక్టరు దగ్గరికి మనం వెళ్తామా?

అసలు "రివర్స్‌లోనే వస్తోంది కాబట్టి రివర్స్ గేరే పోయింది" అనే మాటే తప్పు. ఎందుకంటే, బండి ముందుకి వెళ్ళేటప్పుడు గేరు పళ్ళకి ఒక పక్క ఒత్తిడి పడుతుంది. వెనక్కి వెళ్ళేటప్పుడు రెండో పక్క పడుతుంది. ఇది గేర్ బాక్స్ ఒక్కదానికే కాదు. వెనక క్రౌన్ పినియన్, ముందు ఇరుసులో క్రౌన్ పినియన్, ముందుకి వెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్ట్, దాని క్రాస్, అన్నిటికీ రివర్స్‌లో బలం తిరగబడుతుంది. వీటిలో ఏది అరిగినా ముందుకి వెళ్ళేటప్పుడు నోరు మూసుకుని, వెనక్కి వచ్చేటప్పుడే అరవచ్చు. అన్నిటినీ వదిలేసి ఒక్క గేరు మీద నేరం మోపడం ఏం న్యాయం?

మా పక్క ఊళ్ళో ఒకాయన బండి సంగతి చెప్తాను. దాళ్వా దమ్ము మధ్యలో రివర్స్ వేస్తే కరకరమంది. గేర్ బాక్స్ విప్పారు. ఎనిమిది రోజులు బండి షెడ్డులో, చేలో నీళ్ళు పెట్టి ఉన్నాయి, నారు ముదిరిపోతోంది. గంటల లెక్కన వేరే బండిని అద్దెకి తెచ్చుకున్నాడు. గేర్లు బాగానే ఉన్నాయి. "విప్పాం కదా" అని బేరింగులు, సీళ్ళు మార్చి బిగించారు. బయటికొచ్చి రివర్స్ వేస్తే మళ్ళీ కరకర! చివరికి చూస్తే చేపల చెరువు మీద పక్షులకి కట్టే నైలాన్ తాడు, దాంతోపాటు ఇంత ఇనుప తీగ, ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి చుట్టుకుని గార్డు లోపల ఉన్నాయి. తీగ కొస వెనక్కి తిరిగేటప్పుడే గార్డుకి తగులుతోంది. కొడవలితో కోసి లాగితే పోయింది. ఆ ఎనిమిది రోజులూ, ఆ డబ్బూ ఎవరిస్తారు?

అందుకని షెడ్డుకి వెళ్ళే ముందు ఈ పరీక్షలు మీరే చేసుకోండి. పైసా ఖర్చు లేదు, గంట పని.

మొదటిది. శబ్దం గేరు వేసేటప్పుడు వస్తోందా, బండి కదిలాక వస్తోందా? వేసేటప్పుడే పళ్ళు నూరినట్టు వస్తే ముందు అనుమానం క్లచ్ మీద. బండి పూర్తిగా ఆపి, క్లచ్ అడుగుదాకా తొక్కి, మూడు నాలుగు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. శబ్దం లేకపోతే మనం ఆగకుండా తోసేస్తున్నామన్నమాట. ఆగినా వస్తే క్లచ్ పూర్తిగా విడవడం లేదు. పెడల్ ఖాళీ ఎంత ఉండాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది, స్కేలు పెట్టి కొలవండి. ఖాళీ ఎక్కువైతే క్లచ్ విడవదు. ఆ సర్దుబాటుకి బండి విప్పక్కర్లేదు.

రెండోది. బండి న్యూట్రల్‌లో పెట్టి ఇంజను ఆన్ చేసి వినండి. క్లచ్ తొక్కితే శబ్దం మొదలైతే రిలీజ్ బేరింగు. తొక్కితే ఆగిపోతే గేర్ బాక్స్ ముందు వైపు బేరింగు మీద అనుమానం.

మూడోది, ముఖ్యమైనది. చదునైన గట్టి నేల మీద ఫోర్‌వీల్ లివర్ తీసేసి నిదానంగా రివర్స్ నడపండి. తర్వాత మెత్తని చేలో లివర్ వేసి నడపండి. లివర్ వేస్తేనే శబ్దం వస్తే తప్పు ముందు వైపు లైనులో ఉండే అవకాశం ఎక్కువ. రెండిట్లోనూ వస్తే మాత్రం "అయితే గేర్ బాక్సే" అని తొందరపడకండి. లివర్ తీసేసినా బండి నడుస్తున్నప్పుడు ముందు చక్రాలు ఆ షాఫ్ట్‌ని తిప్పుతూనే ఉంటాయి. కాబట్టి ఇంజను ఆపి, వెనక చక్రాలకి ముందూ వెనకా అడ్డు పెట్టి, హ్యాండ్ బ్రేక్ వేసి, ముందు ఇరుసు జాకీతో లేపి కింద గట్టి దుంగ పెట్టండి. ఉత్త జాకీని నమ్మొద్దు, బండి కిందకి దూరొద్దు. లివర్ తీసే ఉంచి చక్రాన్ని చేత్తో వెనక్కి తిప్పండి, చెవి పెట్టి వినండి. చక్రం పైనా కిందా పట్టుకుని ఊపండి. ఊగితే బేరింగో కింగ్ పిన్నో చూడాలి. షాఫ్ట్ గార్డులో గడ్డి, తాడు, తీగ ఉన్నాయేమో అప్పుడే చూసేయండి. ముందు చక్రాలు గాల్లో ఉండగా ఇంజను మాత్రం స్టార్ట్ చేయకండి.

నాలుగోది. రివర్స్‌లో నిదానంగా వెళ్తూ బ్రేకు కొంచెం ఆనించండి. శబ్దం మారితే బ్రేకు సంగతి చూడాలి. పాత రకం బ్రేకుల్లో చిన్న రాయి, ఎండిన బురద ఇరుక్కున్నా గరగరమంటుంది. ఆయిల్లో మునిగే బ్రేకులైతే ఏ ఆయిల్ పోశారో కనుక్కోండి. వాటికి తగిన ఆయిల్ కాకుండా దొరికిన గేర్ ఆయిల్ పోస్తే బ్రేకు మూలుగుతుంది. దానికి గేర్లు మార్చి ఏం లాభం?

అయిదోది. ఆయిల్ చూడండి. ముందు హబ్బులు, ముందు ఇరుసు, గేర్ బాక్స్, మూడు చోట్లా కొంచెం కొంచెం తీసి తెల్ల పళ్ళెంలో పోయండి. పాలలా తెల్లగా ఉంటే నీళ్ళు కలిశాయి. దమ్ములో ఇరుసు మునిగే బళ్ళకి సీలు పోతే జరిగేది ఇదే. ఎండలో పెడితే మినుకుమినుకుమని ఇనుప రజను కనిపిస్తే లోపల ఏదో అరుగుతోంది. ఏ చోటి ఆయిల్లో రజను ఉందో అక్కడే విప్పాలి. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఇవన్నీ చేశాక, క్లచ్ బాగుంది, ముందు వైపు బాగుంది, బ్రేకు బాగుంది, ముందు గేర్లలో చప్పుడు లేదు, రివర్స్‌లో లోడు మీదే గరగర, గేర్ బాక్స్ ఆయిల్లో రజను. అప్పుడు విప్పండి. రివర్స్ ఐడ్లర్ గేరు, దాని బుష్షు చూడమనండి. అప్పుడు నేనూ వద్దనను. ఇంకొకటి, కొన్నప్పటి నుంచీ రివర్స్‌లో గుయ్‌మని సన్నగా ఊళ వేస్తుంటే అది జబ్బు కాకపోవచ్చు. చాలా బళ్ళలో రివర్స్ గేరు పళ్ళు నిలువుగా కోసి ఉంటాయి, ఆ మోత సహజం.

ఇక మెకానిక్‌లని తిడుతున్నాననుకోవద్దు. వాళ్ళ చేతిలో పనితనం ఉంది. కానీ న్యాయంగా ఆలోచించండి. గంటసేపు బండి నడిపి, విని, "గేర్ బాక్స్‌కి ఏం కాలేదు, తాడు చుట్టుకుంది" అని చెప్పిన మెకానిక్‌కి మనలో ఎంతమంది డబ్బులిస్తారు? "ఏం చేశావని?" అంటారు. అదే విప్పి బిగిస్తే వేలకి వేలు లెక్కపెట్టి ఇస్తారు. చూసినందుకు ఇవ్వం, విప్పినందుకు ఇస్తాం. మరి వాడు విప్పక ఏం చేస్తాడు? డాక్టరుకి చీటీ డబ్బులు కట్టినట్టే శబ్దం తేల్చినందుకు వేరేగా ఇవ్వండి. అయిదొందలు పోతే పోయాయి, పాతిక వేలు మిగులుతాయి. ఊళ్ళో నలుగురు ఇవ్వడం మొదలుపెడితే షెడ్డు పద్ధతే మారుతుంది.

రెండో తప్పు డ్రైవర్లది, వాళ్ళని అడగని ఓనర్లది. చేలోంచి వచ్చాక లివర్ తీయకుండానే సిమెంటు రోడ్డెక్కేస్తారు. ట్రాక్టరులో ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య డిఫరెన్షియల్ ఉండదు. పైగా ముందు చక్రాలు కొంచెం ఎక్కువ లాగేలా, సుమారు నూటికి ఒకటి నుంచి అయిదు వంతులు, కంపెనీవాళ్ళే పెడతారు. బురదలో ఆ తేడా జారి సర్దుకుంటుంది. గట్టి రోడ్డు మీద జారే చోటు లేదు. ఆ బిగుతంతా షాఫ్ట్ మీద, గేరు పళ్ళ మీద, టైర్ల మీద పడుతుంది. ఆ బిగుతులోనే రివర్స్ వేసి స్టీరింగు తిప్పితే గరగరమనక కీర్తన పాడుతుందా? ముందు టైర్లు అరిగాయని దొరికిన సైజు వేసినా ఇదే గొడవ. టైరు మార్చేటప్పుడు పుస్తకంలో ఉన్న సైజే, రెండూ ఒకేసారి వేయండి.

చివరిగా, విప్పక తప్పనప్పుడు మూడు షరతులు పెట్టండి. ఏ పరీక్షలో ఏం తేలిందో చెప్పి విప్పాలి. తీసిన పాత సామాను మన చేతికివ్వాలి. కొన్న సామానుకి బిల్లు ఇవ్వాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టరు మీద జీఎస్టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. ట్రాక్టరు టైర్లు, గేర్ బాక్స్, క్లచ్ లాంటి విడిభాగాల మీద 18 నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లు లేకపోతే ఆ తగ్గింపు మన జేబులోకి వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది? అన్యాయం జరిగితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, చేతిలో కాగితం ఉంటేనే మాట నిలబడుతుంది.

వరికి తెగులొస్తే ఆకు చూస్తాం, దుబ్బు చీల్చి చూస్తాం, వేరు పీకి చూస్తాం, ఆ తర్వాతే మందు కొడతాం. లక్షలు పోసి కొన్న బండికి ఆ పాటి చూపు వద్దా? సార్వా దమ్ములు మొదలయ్యేలోపు ఒక ఆదివారం పొద్దున్న బండి దగ్గర కూర్చోండి. ట్రాక్టరు ఉన్న మీ వాళ్ళకి కూడా ఈ పోస్టు పంపండి.