సరుగుడు తోటలో దొరికిన నగలు ఎవరివి?

నెల్లూరు కోస్తాలో ఎక్కడ దొంగతనం జరిగినా పోలీసు జీపు చాలాసార్లు ముందు యానాదుల కాలనీకే వస్తుంది. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం 1952లోనే రద్దయింది. కప్పరాళ్లతిప్ప సెటిల్‌మెంటు నాటి అనుమానం మాత్రం అట్లాగే ఉంది.

కాగితం మీద కథ ఒకటే. ముద్దాయి చూపించాడంట, సరుగుడు తోటలో పూడ్చిన నగలు దొరికాయంట. కింద ఇద్దరు మధ్యవర్తుల సంతకాలు, మనవాడి వేలిముద్ర. దీంతోనే శిక్ష పడితే అప్పీల్లో మొదట అడగాల్సింది, ఆ తోట ఎవరిది, అక్కడికి ఎవరైనా పోవచ్చా అని. త్రింబక్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చూసింది. నగలు దొరికిన పొలం అందరూ తిరిగే చోటు, అవి ముద్దాయి స్వాధీనంలో ఉన్నాయనడం కష్టం అంది. తాళమే లేని తాటాకు గుడిసెకీ, రొయ్యల గుంట గట్టు మీది కాపలా షెడ్డుకీ మన లాయర్లు ఈ వాదన ఎందుకు తేరో!

పులుకూరి కోటయ్య కేసు మన ఆంధ్రదే. పోలీసులకు చెప్పిన మాటల్లో, వస్తువు దొరకడానికి నేరుగా దారితీసిన ముక్క వరకే సాక్ష్యమని ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. 'నేనే దొంగిలించా' అన్నది చెల్లదు. కొత్త సాక్ష్య చట్టం 23వ సెక్షన్‌లోనూ అంతే.

చోరీ జరిగిన కొద్దిరోజులకే సొత్తు చేతిలో ఉండి, ఎట్లా వచ్చిందో చెప్పలేకపోతే కోర్టు దొంగ అనుకోవచ్చు. అనుకొని తీరాలని లేదు.

మేజిస్ట్రేటు శిక్ష వేస్తే సెషన్స్ కోర్టుకి గడువు 30 రోజులు. జైల్లో ఉన్నా అక్కడి నుంచే అప్పీలు పంపొచ్చు. ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇవ్వాలి. తీర్పు కాపీ ఆరోజే అడిగి తీసుకోండి.