మనిషి ఇంటికి, పెట్టె ఎక్కడికి?

మారేడ్‌పల్లి: విమానం దిగిన మనిషి ఇల్లు చేరుతున్నాడు గాని, అతని పెట్టె చేరడం లేదు. శంషాబాద్‌లో బెల్టు చుట్టూ గంటసేపు నిలబడి, చివరకు ఒక కాగితం పుచ్చుకొని ఒట్టి చేతులతో ఇంటిముఖం పట్టే ప్రయాణికుల అవస్థ మామూలు వ్యవహారమైపోయింది. విదేశాలలోని పిల్లల దగ్గరకు వెళ్ళి వచ్చే వృద్ధులకు పెట్టె అంటే బట్టల మూట కాదు. రోజూ వేసుకోవలసిన మందులు, కళ్ళజోడు, మనుమరాలి పెండ్లికి కొన్న చీరలు అన్నీ అందులోనే ఉంటాయి. పెండ్లి అయిపోయిన తర్వాత చీరలు చేరితే ఏమి లాభం?

2008 మార్చి వరకు విమానాశ్రయం దగ్గరలోని బేగంపేటలోనే ఉండేది. పెట్టె రాకపోతే మర్నాడు పోయి అడిగి రావడానికి వీలుండేది. శంషాబాద్ ఇక్కడికి సుమారు 40 కిలోమీటర్లు. ఒకసారి పోయి వస్తే పూట గడిచిపోతుంది.

విమానం మారే చోట వ్యవధి చాలలేదని, ట్యాగు ఊడిపోయిందని విమాన సంస్థలు చెబుతుంటాయి. అది నిజమే కావచ్చు. కాని రైలు ప్రయాణికుడు తన పెట్టెను సీటు కింద పెట్టి గొలుసు వేసుకోగలడు. విమాన ప్రయాణికుడికి ఆ వీలు లేదు. కౌంటరులో అప్పగించిన క్షణం నుంచి పెట్టె కాపలా సంస్థదే. కాపలా తప్పినప్పుడు వెతికి తెచ్చే శ్రమ కూడా సంస్థదే కావాలి.

అది అసాధ్యమేమీ కాదు. 2025 డిసెంబరు మొదటి వారంలో ఇండిగో సర్వీసులు దేశమంతటా అస్తవ్యస్తమైనప్పుడు వేలాది ప్రయాణికులు, వారి సామాను తలోచోట చిక్కుకుపోయారు. శంషాబాద్‌లోనూ జనం పడిగాపులు పడ్డారు. అప్పుడు కేంద్ర పౌర విమానయాన శాఖ కలుగజేసుకొని, విడిపోయిన సామాను వెతికి 48 గంటలలో ప్రయాణికులకు చేర్చాలని ఆదేశించింది. వేల సంఖ్యలో పెట్టెలు చేరాయి కూడా. ప్రభుత్వం గద్దించినప్పుడు చేయగలిగిన పని మామూలు రోజుల్లో ఎందుకు చేయలేరు?

2024 ఫిబ్రవరిలో విమానం దిగిన 30 నిమిషాలలోగా చివరి పెట్టె కూడా బెల్టు మీదికి రావాలని పౌర విమానయాన భద్రతా సంస్థ ఏడు విమాన సంస్థలను ఆదేశించింది. వచ్చే పెట్టెకు గడువు పెట్టినవారు, రాని పెట్టెకూ గడువు పెట్టడం న్యాయం. దేశంలోపలి ప్రయాణాలలో సామాను పోయినా, పాడైనా, ఆలస్యమైనా పరిహారం రూ. 20,000కు మించదని 2019 నాటి ప్రయాణికుల హక్కుల పత్రం చెప్పింది. విదేశీ ప్రయాణాలకు వర్తించే మాంట్రియల్ ఒప్పందంలో ఆ పరిమితి లక్ష రూపాయలకు పైమాటే. పెట్టె ఒకటే, నష్టం ఒకటే అయినప్పుడు ఇంత తేడా ఎందుకు?

ప్రయాణికులు కూడా కొంత జాగ్రత్త వహించాలి. మందులు చేతిసంచీలోనే ఉంచుకోవాలి. పెట్టె రాకపోతే కౌంటరులో రిపోర్టు వ్రాయించి, నకలు తీసుకోనిదే విమానాశ్రయం విడిచి రాకూడదు. ట్యాగు ముక్క పారవేయకూడదు. సామాను పాడైతే అందిన 7 రోజులలో, ఆలస్యమైతే అందిన 21 రోజులలో వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. సంస్థ ప్రధాన కార్యాలయం ఎక్కడ ఉన్నా, 2019 నాటి చట్టం ప్రకారం తాము నివసించే జిల్లాలోని వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు.

అయితే పెట్టె పోగొట్టుకున్నవారంతా కేసులు వేయాలనడం సబబు కాదు. రాని పెట్టెను 48 గంటలలో ఇంటికి చేర్చడం, ఆలోగా మందులకు, బట్టలకు అక్కడికక్కడే డబ్బు ఇవ్వడం, తెలుగులో జవాబు చెప్పే మనిషిని ఫోను దగ్గర ఉంచడం నిబంధనగా చేయాలి. డిసెంబరులో ఒకసారి ఇచ్చిన ఆదేశాన్ని పౌర విమానయాన శాఖ శాశ్వతం చేస్తే చాలు, ప్రయాణికుల అగచాట్లు చాలావరకు తీరుతాయి.