బయోడేటాలో ఆ గడి కొట్టేయండి

ముహూర్తాల రోజు సాయంత్రం హైదరాబాద్ చంపాపేట్ రోడ్డు మీద బండి ముందుకు కదలదు. ఫంక్షన్ హాళ్ల ముందు బరాత్‌లు, బ్యాండ్లు, సీరియల్ బల్బులు. ఆ పెళ్లిళ్లు కుదరకముందు వాట్సాప్‌లో తిరిగిన బయోడేటాలు తీసి చూడండి. గోత్రం, చదువు, ప్యాకేజీ, వాటి కింద 'కాంప్లెక్షన్'. అమ్మాయైతే ఫెయిర్, వెరీ ఫెయిర్, మరీ కాకపోతే వీటిష్. అన్నం తిని బతికే మనకు ఈ గోధుమ కొలత ఎందుకు? అబ్బాయి రంగు మాత్రం ఎవరూ అడగరు!

'ఫెయిర్' పాత ఇంగ్లిష్‌లో 'ఫేగర్'. అందమైన, చూడముచ్చటైన అని అర్థం. న్యాయమైన అన్న అర్థం తర్వాత చేరింది. రేషన్ దుకాణాన్ని 'ఫెయిర్ ప్రైస్ షాప్' అనేది ఆ అర్థంలోనే. తెల్లని ఒళ్లు అన్న అర్థం కూడా తర్వాత చేరిందే. తెల్లవాళ్లు తమ రంగుకే అందమని పేరు పెట్టుకున్నారు. దాన్ని మనం తెచ్చి మన ఆడపిల్లల నెత్తిన పెట్టాం.

ఈ రోగం ఇంగ్లిష్‌తోనే వచ్చిందని నేననను. "పిల్ల నలుపే గానీ కళైన మొహం" అన్నది ఇంగ్లిష్ రాని పెద్దమ్మలే. ఆ 'గానీ' ఎంతమందిని ఏడిపించిందో! అయితే "తెల్లపిల్లే కావాలి" అని నోరు తెరిచి అడగడానికి సిగ్గుపడేవాడు కూడా 'ఫెయిర్' అని నదురూ బెదురూ లేకుండా టైప్ చేస్తాడు. ఈ మాట చేసిన ఘోరం అదే.

దీన్ని సొమ్ము చేసుకున్నవాళ్లున్నారు. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది. అదే ఏడాది పెళ్లి సంబంధాల సైట్ షాదీ డాట్ కామ్ రంగును బట్టి వెతికే సదుపాయం తీసేసింది. డబ్బా మీద పేరు మారితే ఇంట్లో బుద్ధి మారిందా? తెల్లబడాలని స్టెరాయిడ్ క్రీములు పూసుకుని చర్మం పలచబడి, ఎర్రబడి, మొహాన వెంట్రుకలు మొలిచి డాక్టర్ల దగ్గరికి పరిగెత్తే పిల్లలు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ల చేతికి ఆ ట్యూబు ఇచ్చింది మన పెళ్లిచూపులే.

పెళ్లిళ్ల పేరయ్యలారా, మ్యారేజ్ బ్యూరోలారా, మీ ఫారంలో ఆ గడి కొట్టేయండి. ఆడపిల్లల తల్లిదండ్రులారా, ఎవరైనా "అమ్మాయి ఫెయిరేనా?" అని ఫోన్‌లో అడిగితే ఫొటో పంపకండి. ఆ సంబంధం వద్దని అక్కడే చెప్పి పెట్టేయండి.