ల్యాబ్ పీరియడ్‌ను వర్క్‌షీట్లకు ఇవ్వొద్దు

ల్యాబ్ పీరియడ్‌ను కూడా ఫౌండేషన్ కోర్సుకే కేటాయించాలనీ, ప్రయోగాలు డిజిటల్ బోర్డు మీద చూపిస్తే చాలనీ కొందరు తల్లిదండ్రులు కోరుతున్నారు. సీటు ముఖ్యం కాదని నేను అనను. కానీ ఈ కోరికతో ఏకీభవించలేను.

పదో తరగతిలో ఇనుప రజను ప్రయోగం ఉంది. దండాయస్కాంతం మీద కాగితం పరిచి రజను చల్లగానే గీతలు రావు. కాగితాన్ని వేలితో మెల్లగా తట్టాలి. తట్టినప్పుడు రేణువులు కాస్త కదిలి, అయస్కాంతం చూపిన దిక్కుకు తిరుగుతాయి. గట్టిగా తడితే అంతా చెదిరిపోతుంది. వీడియోలో గీతలు కనిపిస్తాయి గానీ, ఎంత తట్టాలో వేలికి తెలియదు.

పెద్ద ల్యాబ్‌లలోనూ ఇలాంటి చేతి ఒడుపే కావాలి. 2000 మార్చిలో ఐబీఎం పరిశోధకులు షౌహెంగ్ సన్, క్రిస్టఫర్ మర్రీల బృందం ‘సైన్స్’ పత్రికలో ఒక పద్ధతిని ప్రకటించింది. ప్లాటినం లవణాన్నీ, ఐరన్ పెంటాకార్బొనిల్‌నూ వేడి ద్రావణిలో కలిపి, ఇనుము-ప్లాటినం మిశ్రలోహపు కణాలను దాదాపు ఒకే సైజులో తయారుచేశారు. ఒక్కో కణం కొన్ని నానోమీటర్లే, అంటే వెంట్రుక మందంలో వేల వంతుల్లో ఒక వంతు. ఆ ద్రవాన్ని పలక మీద వేసి మెల్లగా ఆరనిస్తే కణాలు వాటంతట అవే వరుసలు కడతాయి. ఎమ్మిగనూరు మగ్గం మీద ప్రతి పోగునూ నేతగాడే అమర్చాలి, ఇక్కడ అమర్చేవారే లేరు. సైజులు తేడాగా ఉన్నా, తొందరపడి ఆరబెట్టినా వరుసలు చెడిపోతాయి.

కణాలు ఒకదానికొకటి అంటుకోకుండా పైపూతగా వాడినవాటిలో ఒలియిక్ ఆమ్లం ఒకటి. మన వేరుశనగ నూనెలో ఎక్కువగా ఉండే కొవ్వు ఆమ్లం అదే! ఆదోనిలో నూనె వ్యాపారం చేసే ఇంటి పిల్లాడికి ఈ ఒక్క మాట చెబితే చాలు, కెమిస్ట్రీ పరాయి సబ్జెక్టు అనిపించదు.

అయితే ఈ కణాలు బలమైన అయస్కాంతాలు కావాలంటే 500 డిగ్రీలు దాటి వేడి చేయాలి. అంత వేడికి పైపూత పోయి, కణాలు ఒకదానికొకటి అతుక్కుని, కట్టిన వరుస పాడవుతుంది. దీనికి విరుగుడు కోసం పరిశోధకులు ఏళ్ల తరబడి శ్రమించారు. అలాంటి చోట కింద నాలుగు ఆప్షన్లు ఇచ్చి ఒకటి టిక్ పెట్టమనేవారు ఉండరు. ప్రయోగం ఎందుకు చెడిందో చూసి, మళ్లీ చేయడమే పని. పిల్లలకు ఆ అలవాటు అబ్బేది ల్యాబ్‌లోనే.

ఎనిమిది, తొమ్మిది, పది తరగతులకు వారానికి ఒక్క పీరియడ్ చాలు. దానిలోకి మాత్రం వర్క్‌షీట్లు రానివ్వకండని మిమ్మల్ని కోరుతున్నాను. సాయంత్రం పిల్లలు ఇంటికి వచ్చాక, ఎన్ని మార్కులు వచ్చాయని అడిగే ముందు, ఈ రోజు ల్యాబ్‌లో ఏది సరిగా రాలేదో అడిగి చూడండి.