ఆటస్థలమునకు దారి

పటాన్‌చెరు పారిశ్రామికవాడకు చేరువనున్న కర్దనూరు మొన్నమొన్నటివరకు పంచాయతీగా నుండి, 2024వ సంవత్సరమున తెల్లాపూర్ పురపాలక సంఘములో విలీనమైనది. ఔటర్ రింగురోడ్డు వచ్చిన పిదప ఈ ప్రాంతమున చేలు ప్లాట్లయినవి. ప్లాట్ల నడుమ పార్కులకని స్థలములు విడువబడుచున్నవి. నేడు కంచె వేసి, నాలుగు ఊయలలు నిలిపి, బోర్డు కట్టిన స్థలమే రాబోవు ముప్పది యేండ్లపాటు ఆ వీధి పిల్లలకు ఆటస్థలమగును. కావున ఆటస్థలములను గూర్చి చెప్పవలసిన మాట యేదైన నున్నచో, సిమెంటు గట్టిపడక మునుపే చెప్పుట మేలు. నడువలేని బాలుడు, చూపులేని బాలిక, బుద్ధిమాంద్యముగల పసివాడు వచ్చి ఆడుకొనుటకు వీలులేని స్థలమును ప్రజల సొమ్ముతో కట్టి, అది అందరిదని చెప్పుకొనుట న్యాయము గాదు.

ముందు ద్వారము సంగతి చూతము. పశువులును మోటారు సైకిళ్లును చొరబడకుండుటకై మన పార్కులకు ఇనుప పైపులతో వంకరటింకర దారి పెట్టుట వాడుక. బర్రె రాదు, బండి రాదు, వానితోపాటు చక్రాల కుర్చీయు రాదు. ప్రక్కన పెద్ద గేటుండును; దానికి తాళముండును; తాళపుచెవి వాచ్‌మన్ యొద్ద నుండును; వాచ్‌మన్ టీకి పోయియుండును. ఎట్లో లోన ప్రవేశించినను మూడు మెట్లు, ఆపై కంకర, ఆపై ఊయల క్రింద ఇసుక. కుర్చీ ముందరి చిన్న చక్రములు ఇసుకలో బెత్తెడు దిగినచో ఎంత నెట్టినను కదలదు. వెనుకకు త్రిప్పి, పెద్ద చక్రముల మీద వాల్చి ఈడ్చుకొని పోవలసినదే. ఒకటికి పండ్రెండు చొప్పున వాలు ఉండవలెనని ప్రమాణము. అనగా అడుగున్నర ఎత్తునకు పదునెనిమిది అడుగుల ర్యాంపు కావలెను. ఆరడుగులలో ముగించినది ర్యాంపు గాదు, మరియొక జారుడుబండ.

ఈ వైపుననే ఒక సాయంకాలము ఒక తల్లిని చూచితిని. భర్త పాశమైలారములో షిఫ్టుకు పోయినాడట. పెద్దవాడు లోపల జారుడుబండపై కేకలు వేయుచుండగా, ఎనిమిదేండ్ల చిన్నదానిని ఒడిలో పెట్టుకొని ఆమె కంచె వెలుపలి అరుగుమీద కూర్చున్నది. లోనికి పోరాదా అమ్మా యని అడిగితిని. "పోతె ఏం జేస్తది సార్? ఆడ దీనికి కూసునేటందుకు ఏమున్నది? అన్న ఆడేది చూస్తది, గంతే" అన్నది. ఆ పిల్ల ఊరక చూచుట లేదు; అన్న కేక వేసినప్పుడెల్ల తానును కేక వేసి, అరచేతితో అరుగును చరచుచున్నది. ఆటయందు ఆమెకు గల అభిలాష అన్నకంటె రవంతయు తక్కువ గాదు.

చట్టము లేక ఇట్లున్నదా యనిన, లేకపోలేదు. ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒడంబడిక, ఆటపాటలలో వికలాంగ బాలలకు ఇతర బాలలతో సమానావకాశ ముండవలెనని 30వ అధికరణమున విస్పష్టముగ చెప్పినది. మన దేశము దానిని 2007లోనే ధ్రువీకరించినది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము, ఉన్న ప్రజాభవనములను నియమములు వెలువడిన అయిదేండ్లలో అందరికి అందునట్లు మార్పవలెనని గడువు పెట్టినది. నియమములు 2017 జూన్‌లో వెలువడినవి. గడువు 2022 జూన్‌లో తీరినది. విచిత్రమేమనగా సరిగా ఆ నెలలోనే, రెండవ తేదీన, తెలంగాణ ప్రభుత్వము ఊరూరికి క్రీడాప్రాంగణమను పథకమును ఆరంభించినది. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ కోర్టులు, లాంగ్‌జంప్ గుంట, వ్యాయామపు కడ్డీలు: మంచి పథకమే, కాని ఆ జాబితాలో అరుగుమీది పిల్లకు చోటేది? 2024 నవంబరు 8న రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు, వికలాంగుల అందుబాటునకై పెట్టిన ప్రమాణములు సలహాలుగా మిగిలిపోరాదనియు, తప్పనిసరి నియమములను మూడు నెలలలో చేయవలెననియు కేంద్రమును ఆదేశించినది. ఆ తీర్పునకు తోడ్పడిన నివేదిక మన హైదరాబాదు నల్సార్ విశ్వవిద్యాలయమునందలి వైకల్య అధ్యయన కేంద్రము సమర్పించినదే.

విశాఖపట్టణమున సముద్రతీరమార్గమందు స్మార్ట్ సిటీ పథకము క్రింద సకల సామర్థ్యముల పిల్లలకును పనికివచ్చు పార్కు నొకదానిని నిర్మించిరి. అభినందనీయమే. అయినను నాకు బెంగళూరు మార్గము మేలని తోచును. అచట వికలాంగ బాలల తల్లిదండ్రులు కిలికిలి యను సంస్థగా నేర్పడి, కోల్స్ పార్కు మొదలుగా, ఉన్న పార్కులలోనే మార్పులు చేయించిరి. ఏలనన, ఆట విహారయాత్ర గాదు. ప్రతి సాయంకాలము బడి విడిచిన పిమ్మట ఇంటికి కూతవేటు దూరమున, అన్నతోను పొరుగింటి పిల్లలతోను జరుగవలసినది. దానికి కావలసిన సామగ్రియు అద్భుతమైనది గాదు: గేటునుండి ఊయల వరకు గట్టి నేల, వీపునకు ఆనికయు నడుమునకు బెల్టును గల ఊయల, నేలతో సమముగ నమర్చిన రంగులరాట్నము, కుర్చీలో కూర్చున్నవారి మోకాళ్లు క్రిందికి దూరునట్టి ఇసుకబల్ల, చూపులేని పిల్లలు మ్రోగించు గంటలు, సందడికి బెదరు పిల్లలకు నీడగల ఒక మూల.

ఒక ఊరిలో ఇట్టి పిల్లలెందరుందురని కొందరు పెదవి విరుతురు. 2011 జనగణన ప్రకారము ఉమ్మడి ఆంధ్రప్రదేశమున వికలాంగులు 22 లక్షల 66 వేలకు పైగా నుండిరి. వారు పార్కులలో కానరాకుండుట, లేనందున గాదు, రాలేనందున. పైగా ఈ యంత్రసీమలో వైకల్యము పుట్టుకతోనే రానక్కరలేదు. ప్రెస్సు క్రింద చేయి, బెల్టులో కాలు పోగొట్టుకొన్న తండ్రియు బిడ్డను ఊపుటకు ఊయల దాక పోవలెను గదా!

సొమ్ము మాట యెత్తువారికి, 2013 కంపెనీల చట్టము నిర్ణీత పరిమితిని దాటిన కంపెనీలు మూడేండ్ల సగటు లాభములో 2 శాతమును సామాజిక బాధ్యతకై వెచ్చింపవలెనని విధించినట్లు జ్ఞాపకము చేయవలెను. పటాన్‌చెరు, బొల్లారము, పాశమైలారములలో అట్టి కంపెనీలకు కొదువ లేదు.

పురపాలక అధికారులకు విన్నపమొక్కటే. ప్రత్యేకావసరములు గల పిల్లలకై నడుచు భవిత కేంద్రముల ఉపాధ్యాయులు ఆ పిల్లలను పేరుపేరున ఎరుగుదురు. కొత్త ఆటస్థలమునకు నమూనా గీయునపుడు వారిని, ఆ తల్లులను పిలిచి అడుగుడు. పని ముగిసినపుడు చక్రాల కుర్చీలోని ఒక బిడ్డ వీధినుండి ఊయల దాక ఎవరును ఎత్తుకొనకుండ చేరగలిగిన తరువాతనే కాంట్రాక్టరు బిల్లుపై సంతకము చేయుడు.